చేపల కొట్టు ఐసు

మూడేళ్ల కిందట ప్రత్తిపాడు దగ్గర మా ఊళ్లో, తమ్ముడు పత్తి లోడు మీద నుంచి వెల్లకిలా పడ్డాడు. నడుం నుంచి కిందకి చచ్చుబడిపోయింది. వెన్నుపూసకు దెబ్బ తగిలితే చల్లబరచాలని, అప్పుడు నరాలు బతుకుతాయని ఎప్పుడో ఫోన్‌లో చూశాను. అంబులెన్సు వచ్చేలోగా చేపల కొట్టు నుంచి ఐసు తెచ్చి, గోనెసంచిలో పోసి వాడి నడుం కిందకి తోశాను. కరిగిన నీచునీళ్ల మీద ఈగలు ముసిరాయి.

"ఒరేయ్, ఓర్చుకోగలవా?" అన్నాను.

"నాకేం తెలియట్లేదక్కా, ఉంచు" అన్నాడు.

నొప్పి లేదంటే పనిచేస్తోందనుకుని సంబరపడ్డాను.

దారి పొడుగునా ఆ సంచి తీయనివ్వలేదు. గుంటూరు ఆసుపత్రిలో వాణ్ణి జాగ్రత్తగా పక్కకు తిప్పారు. బొబ్బలు చితికి, నడుం మీది తోలు చొక్కాతో పాటు ఊడొచ్చింది. ఆ పచ్చిపుండు నిండా చేప పొలుసులు. అక్కడే వాంతి చేసుకున్నాను.

"స్పర్శ లేని ఒంటికి ఐసు పెడతారామ్మా? ఆ వైద్యం మీద ఇంకా పరిశోధనలే జరుగుతున్నాయి. చేసినా ఒంటి వేడి కొలుచుకుంటూ మేం చేయాలి!" అని డాక్టరుగారు మండిపడ్డారు.

తమ్ముడు ఇప్పటికీ చక్రాల కుర్చీలోనే ఉన్నాడు. అది పడ్డ దెబ్బ వల్లేనని డాక్టరుగారే చెప్పారు. పుండు మాత్రం నేను పెట్టిందే. నాలుగు నెలలు నేనే కడిగాను. వాడు ఒక్కనాడూ పల్లెత్తు మాట అనలేదు. కడిగిన ప్రతిసారీ నా చేతులంటే నాకే రోత పుట్టేది.