నిమిషానికి ముప్ఫై మాటల వీడ్కోలు

ఆ రోజుల్లో, అంటే డెబ్భైల మొదట్లో, బెజవాడలో ఇంటరు పాసై టైపు నేర్చుకోని పిల్లలు ఉండేవారు కారు. ఉద్యోగం వచ్చినా రాకపోయినా ముందు వేళ్ళు సిద్ధంగా ఉండాలని పెద్దవాళ్ళ నమ్మకం. వన్‌టౌన్‌లో ఒక మేడమీది ఇన్‌స్టిట్యూట్‌లో ఆ వేళ్ళను సిద్ధం చేసే పని నాది. పన్నెండు తెలుగు మిషన్లు, ఒక ఫ్యాను (అది మేష్టారి వైపు తిరిగి అక్కడే ఆగిపోయేది), గోడకి కీబోర్డు పటం. యజమాని సాహెబు మేష్టారు కోప్పడరు, మెచ్చుకోరు. తప్పు చుట్టూ ఎర్ర సున్నా చుట్టి, "మళ్ళీ కొట్టమ్మా" అంటారు, అంతే. ఇరవై రెండేళ్ళ నాకు ఆ గదిలో ఊపిరాడేది కాదు.

అంతలో మా మేనత్త ఊళ్ళోనే, రెండు మైళ్ళ అవతల భవానీపురంలో ఒక లారీ ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో ఉద్యోగం చూసింది. "టెలిఫోను దగ్గర కూర్చుని మాట్లాడటమేనే! అంత మంచి గొంతు చర్చి పాటలకేనా?" అంది. మా నాన్న ఆ ఆదివారమే చర్చిలో అందరికీ చెప్పేశాడు.

ఆఖరి రోజున మేష్టారు సమోసాలు తెప్పించి, "నాలుగు మాటలు చెప్పమ్మా" అన్నారు. నేను నాలుగుతో ఆగుతానా? రాసిపెట్టుకున్న కాయితం తీశాను. "పంజరం తలుపు తెరుచుకున్న పక్షి వెనుదిరిగి చూడదు! విశాల ప్రపంచం నన్ను పిలుస్తున్నది! ఈ ఇరుకు మెట్లు ఇక నా పాదాలను ఎరుగవు!" ఇదే ధోరణిలో ఒకటిన్నర పేజీ. "పంజరం అంటే మన ఇన్‌స్టిట్యూటేనా అక్కా?" అని ఒక పిల్ల అడిగింది. మేష్టారు మాత్రం శ్రద్ధగా విని, ఆ కాయితం అడిగి తీసుకున్నారు. గుర్తుగా దాచుకుంటారు కాబోలని నాకు కళ్ళు చెమర్చాయి.

భవానీపురంలో కుర్చీ ఇచ్చారు, బల్ల ఇచ్చారు, బల్ల మీద అల్లిక గుడ్డ కూడా పరిచారు. ఫోనే లేదు. "అప్లికేషన్ పెట్టామమ్మా, నేడో రేపో లైనిచ్చేస్తారు" అన్నాడు ఓనరు. రెండు నెలలు ఆ గుడ్డ సర్దుతూ కూర్చున్నాను. వచ్చిన ప్రతి డ్రైవరూ "ఇంకా రాలేదాండీ?" అని జాలిగా పరామర్శించేవాడు. ఎవరూ లేనప్పుడు గొంతు పాడవకుండా "హలో" అని చూసుకునేదాన్ని. చివరికి ఓనరు, "ఊరికే కూర్చుంటే విసుగు కదమ్మా, లైనొచ్చేదాకా మాకు కాస్త టీ పెట్టకూడదూ?" అన్నాడు. మర్నాడు మానేశాను.

ఇంట్లో చెప్పే ధైర్యం లేదు. నాకు చేతనైన పని ఒక్కటే, అది ఇచ్చేవారు ఒక్కరే. ఆయన కాదంటే ఇక ఇంట్లో కూర్చోవడమే. ఆ ఇరుకు మెట్లే ఎక్కాను (అవి నా పాదాలను బాగానే గుర్తుపట్టాయి). గుమ్మం దగ్గర కూర్చున్న పిల్ల భుజం మీదుగా చూద్దును కదా, మిషన్‌లో "పంజరం తలుపు తెరుచుకున్న పక్షి" అని పడుతోంది. పక్క మిషన్‌లోనూ అదే. పన్నెండు మిషన్ల మీదా నా పక్షి ఎగురుతోంది! స్పీడు పరీక్షకి తయారయ్యేవాళ్ళకి మేష్టారు నా ప్రసంగాన్నే అభ్యాసంగా పెట్టేశారు.

మేష్టారు తలెత్తి చూశారు. ఒక పిల్లని లేపి ఆ మిషన్ చూపించి, "పనిలో చేరేవాళ్ళకి టెస్టుంటుంది, నీకు తెలుసుగా. నిమిషానికి ముప్ఫై మాటలు" అని ఆ కాయితమే ముందు పెట్టారు. విశాల ప్రపంచం నన్ను పిలుస్తున్నదని, చెవులు కాలిపోతుండగా, పది నిమిషాలు కొట్టాను. ఆయన ఎర్ర పెన్సిలుతో చివరిదాకా చూసి, "తప్పుల్లేవు. రేపు ఏడింటి బ్యాచ్ నువ్వే చూసుకో" అన్నారు. ఏడుపొచ్చినంత పనైంది. అయినా ఊరుకోలేక, "ఈ పాసేజీ మారుద్దామా మేష్టారూ?" అన్నాను.

"ఎందుకమ్మా? కష్టమైన అక్షరాలన్నీ ఉన్నాయి. ఇంత మంచిది మళ్ళీ ఎవరు రాసిస్తారు?" అన్నారు. వేళాకోళమో నిజమో ఈనాటికీ తెలియదు. ఆయన పోయేదాకా పదకొండేళ్ళు రోజూ పొద్దున్నే దాన్ని నేనే పిల్లలచేత కొట్టించాను.

మొన్నామధ్య పామర్రులో ఏదో ఆఫీసుకి వెళితే, రిటైరు కాబోతున్న ఒకావిడ తానూ మా ఇన్‌స్టిట్యూట్‌లోనే నేర్చుకున్నానంది. నన్ను పోల్చుకోలేదు. పాసేజీ మాత్రం మర్చిపోలేదు. బల్ల మీద వేళ్ళు ఆడిస్తూ మొత్తం అప్పజెప్పి, "ఎంత ధైర్యంగా రాసిందండీ! ఆవిడ ఎందాకా ఎగిరిందో పాపం" అంది.

"భవానీపురం దాకా వెళ్ళిందమ్మా" అన్నాను.