మంచం కింద క్వారీ

ఇంటర్ చదివే పిల్ల బొమ్మలతో ఆడుకోవడం పరువు తక్కువ పని అని లోకమంతా నమ్మే రోజులవి. లోకం సంగతి అలా ఉంచండి, నేనూ నమ్మేదాన్ని. అందుకే ఆ వేసవిలో చీమకుర్తిలో ఉండే పిన్ని వాళ్ళింటికి బయలుదేరేటప్పుడు నా ప్లాస్టిక్ బ్లాకులన్నీ బ్యాగు అడుగున పోసి, పైన ఎంసెట్ పుస్తకాలు పేర్చాను. (బ్యాగు ఎత్తి లోపల పెట్టిన కండక్టరు, "ఇదేందమ్మా, పుస్తకాలు గలగలమంటున్నాయి?" అన్నాడు. కెమిస్ట్రీ అని చెప్పాను. నమ్మాడు.) చిన్నప్పటి నుంచి పుట్టినరోజులకి పోగేసుకున్న బ్లాకులవి. వాటితో పాటు బ్యాటరీతో తిరిగే మోటార్లు రెండు, పళ్ళచక్రాలు, గుండ్రంగా పరుచుకునే పట్టాలు. మా పర్చూరుకి రైలు లేదు. అందుకేనేమో, ఇల్లు కడదామని మొదలుపెట్టినా, గుడి కడదామని మొదలుపెట్టినా నా చేతిలో చివరికి రైలే అయ్యేది.

బాబాయి గ్రానైట్ క్వారీలో క్రేను నడిపేవాడు. పొద్దున్నే వెళ్ళి, సాయంత్రానికి కనుబొమల మీద కూడా బూడిద రంగు దుమ్ముతో తిరిగొచ్చేవాడు. ఆయన బండి శబ్దం వినిపించేదాకా పిన్ని వీధి గుమ్మంలోనే ఏదో ఒక పని కల్పించుకునేది. ఏరిన బియ్యమే మళ్ళీ ఏరేది. నేను వెళ్ళేటప్పటికి ఆ ఇంట్లో ఒక రకమైన పంతం నడుస్తోంది. పక్క క్వారీలో రాయి దొర్లి ఒకాయన కాలు విరిగిందట. అప్పటి నుంచి పిన్ని ఒకటే మాట: "ఆ పని మానెయ్యండి. పొదిల్లో అన్నయ్య ఎరువుల కొట్లో కూర్చుంటే నీడ పట్టునుంటారు." బాబాయిదీ ఒకటే మాట: "అక్కడ భయమేం లేదే. నువ్వు చూళ్ళేదు కాబట్టి నీకలా ఉంది." పెళ్ళయి అన్నేళ్ళయినా పిన్ని ఆ క్వారీని ఒక్కసారీ చూడలేదు మరి. తీసుకెళ్ళమని ఆవిడా అడగలేదు, రమ్మని ఆయనా అనలేదు.

ఒక మధ్యాహ్నం పిన్ని నిద్రపోతోంది కదా అని మంచం కింద పట్టాలు పరిచి రైలు వదిలాను. బాబాయికి ఆరోజు సెలవన్న సంగతి మర్చిపోయాను. తలెత్తి చూస్తే నా పక్కనే ఆయన మీసం కనిపించింది. నేలమీద బోర్లా పడుకుని, గడ్డం గచ్చుకి ఆనించి, రైలు అటు పోతే అటు, ఇటు వస్తే ఇటు కళ్ళు తిప్పుతున్నాడు. తిడతాడేమోనని బిగుసుకుపోయాను.

"దీనికి రాయెక్కిస్తే లాగుద్దా?" అన్నాడు.

"చిన్నదైతే లాగుద్ది బాబాయ్."

"ఎత్తాలంటే?"

చిన్న పళ్ళచక్రంతో పెద్దదాన్ని తిప్పితే వేగం తగ్గి బలం వస్తుందని చూపించాను. మోటారు తిరుగుతుంటే వేలు అడ్డం పెట్టి, ఆగకపోయేసరికి, "దీని దుంపతెగ!" అన్నాడు గుడిలో ఉన్నంత నెమ్మదిగా. "అమ్మాయ్, మన క్వారీ కడదాం. మీ పిన్నికి చూపిద్దాం. ఒక్కసారి చూస్తే భయం పోద్ది."

పనిలో దిగాక తెలిసింది మా ఇద్దరి భాషలూ వేరని. నా దృష్టిలో బ్లాకంటే బొటనవేలి గోరంత. ఆయన దృష్టిలో బ్లాకంటే లారీకి సరిపడా రాయి. "ఆ బ్లాకు ఇటందుకో" అంటే ఆయన అలవాటుగా నడుం వంచి, రెండు చేతులూ చాచేవాడు. క్వారీలో రైలెక్కడిది, లారీలు కదా అని ఆయన వాదన. రైలు లేకపోతే నేను కట్టనని నా మొండిపట్టు. చివరికి రాళ్ళు నేరుగా మద్రాసు హార్బరుకి రైల్లో పోతున్నట్టు రాజీపడ్డాం. రాయిని కోసే మిషను కట్టాం, పొడవాటి చెయ్యి ఉన్న క్రేను కట్టాం, దానికో క్యాబిను, అందులో పసుపు టోపీ పెట్టుకున్న బొమ్మ మనిషిని కూర్చోబెట్టాం. ఆ బొమ్మకి బాబాయి స్వయంగా పెన్నుతో మీసం దిద్దుకున్నాడు. అదంతా పిన్ని కంటపడకుండా ఉండాలని, ఆ గది తనే ఊడుస్తానన్నాడు. పెళ్ళయ్యాక చీపురు పట్టని మనిషి చీపురు పట్టేసరికి, పిన్ని కంగారుపడి మా అమ్మకి ఫోన్ చేసి, "అక్కా, ఈయనకి ఒంట్లో బాగున్నట్టు లేదు" అంది.

ఆదివారం మధ్యాహ్నం కరెంటు పోయింది. అదే మంచి ముహూర్తమనుకుని క్వారీని హాల్లోకి తెచ్చాం. ఉక్కకి బయటికొచ్చిన పక్కింటి టైలరక్క కూడా విసనకర్రతో సహా వచ్చి కూర్చుంది. బాబాయి జేబులోంచి నల్లరాతి ముక్క తీసి, క్రేను దారానికి ముడేసి కింద పెట్టాడు. కిటికీ వెలుగు పడగానే ఆ నలుపులో బంగారు చుక్కలు మెరిశాయి. మోటారు స్విచ్చి నొక్కాను. దారం బిగుసుకుంది, క్రేను చెయ్యి వణికింది, రాయి నేలనొదిలి లేచింది. నేను కట్టినదే అయినా నాకే ఒళ్ళు జలదరించింది. విసనకర్ర ఆగిపోయింది. "యా అల్లా, దానంతటదే లేస్తందే!" అంది టైలరక్క. పిన్ని కళ్ళార్పడం లేదు. రాయి మెల్లగా తిరుగుతూ, మెరుస్తూ, రైలు వైపు వెళ్తోంది.

"చూశావా," అన్నాడు బాబాయి ఛాతీ విరుచుకుని, "భయమే లే..."

ముడి జారింది. రాయి సూటిగా క్యాబిను మీద పడింది. పసుపు టోపీతో, మీసంతో సహా బొమ్మ తల ఊడి, గచ్చు మీద దొర్లుకుంటూ వెళ్ళి పిన్ని పాదాల దగ్గర ఆగింది. రైలు మాత్రం ఏమీ ఎరగనట్టు ఖాళీగా మద్రాసు వెళ్ళిపోయింది.

టైలరక్క నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నవ్వో భయమో తెలియదు. పిన్ని ఆ తలని తీసుకుని అరచేతిలో పెట్టుకుని చూసింది. మీసాన్ని గుర్తుపట్టింది.

"నిజంగా కూడా ఇలా జారుద్దా?" అంది.

బాబాయి ఎప్పటిలాగే లేదంటాడనుకున్నాను. అనలేదు. "ఒకసారి జారింది. ఎవరికీ ఏం కాలేదు. ఈల వేశాక ఎవరూ కింద ఉండరు" అన్నాడు. తర్వాత చేతులతో చూపిస్తూ, క్రేను ఎక్కడుంటుందో, రాయి ఎటు నుంచి వస్తుందో, తనకి ఎప్పుడు గుండె దడదడలాడుతుందో కూడా చెప్పాడు. ఆ ఇంట్లో అన్నేళ్ళలో ఆ మాటలు ఎప్పుడూ రాలేదని వింటున్న నాకే అర్థమైంది. పిన్ని మధ్యలో ఒక్కసారే ఆపింది: "నాకివన్నీ ముందే చెప్పొచ్చుగా." "చెప్తే పంపిస్తావా?" అన్నాడాయన. ఆవిడ తలని బొమ్మకి తగిలించి నాకిచ్చింది. "క్యాబిను వెనక్కి జరిపి మళ్ళీ కట్టండి. తర్వాత నన్ను ఆ నిజందాని దగ్గరికి తీసుకెళ్ళండి."

పేలుళ్ళు లేని రోజు చూసి, మేస్త్రీని అడిగి, బాబాయి మమ్మల్ని తీసుకెళ్ళే ఏర్పాటు చేశాడు. పైన కంచె వెనక నిలబడి చూడమన్నారు. దారిపొడవునా నేను పిన్నికి క్రేను గురించి, పళ్ళచక్రాల గురించి పాఠం చెప్పుకుంటూ వెళ్ళాను. కంచె దగ్గరికి వెళ్ళి కిందికి చూశాను. నా పాఠం అక్కడితో ఆగిపోయింది. భూమిని ఎవరో మెట్లుమెట్లుగా కోసి లోపలి చీకటిని బయట పెట్టినట్టుంది. ఒక్కో మెట్టు మేడంత. అడుగున నీళ్ళు పచ్చగా ఉన్నాయి. ఆ గోడల పక్కన లారీలు చీమల్లా పాకుతున్నాయి. బాబాయి ఎక్కి కూర్చున్న క్రేను, మేం అన్ని రోజులు మంచం కింద పడుకుని కట్టిన దానికన్నా చిన్నగా కనిపించింది. ఈల వినిపించింది. మనుషులు పక్కకి తప్పుకున్నారు. ఒక నల్లటి దిమ్మ గాల్లోకి లేచింది. అంత బరువు అంత నిదానంగా, చప్పుడు లేకుండా లేవడం చూస్తే ఎందుకో కళ్ళనీళ్ళొచ్చాయి.

పిన్ని కంచె గట్టిగా పట్టుకుని, రాయి కిందికి దిగేదాకా చూసింది. దిగాక ఊపిరి వదిలి, "ఇంత పని చేసొచ్చి, నీళ్ళ చెంబు మంచం దగ్గరికి తెమ్మంటే తిడతాను ఈయన్ని" అంది. తర్వాత నావైపు తిరిగి, "నోరు మూసుకోవే, దుమ్ము పోద్ది" అంది.

ఎరువుల కొట్టు మాట ఆ ఇంట్లో మళ్ళీ రాలేదు. దాని బదులు రోజూ పొద్దున బండి తీసేటప్పుడు, "ముందు తాడు చూసుకుని ఎక్కండి" అన్న మాట వచ్చి చేరింది. బాబాయి ఆ పని నుంచి రిటైరయ్యేదాకా అదే మాట.

ఇప్పుడు నేను బాపట్ల దగ్గర ఒక కాలేజీలో యంత్రాల గురించి పాఠాలు చెబుతున్నాను. బరువు ఎలా లేస్తుందో బోర్డు మీద బాణం గుర్తులు వేసి, గంటసేపు ఆగకుండా చెప్పగలను. మేడమ్‌కి తెలియనిది లేదని పిల్లలనుకుంటారు. (నేను వాళ్ళని సరిదిద్దను.) ఒక్కోసారి మాత్రం, బోర్డు మీద బాణం గీస్తూ గీస్తూ, ఆ కంచె దగ్గర ఒక్క మాటా దొరక్క నోరు తెరుచుకుని నిలబడ్డ పిల్ల మీద కాస్త ఈర్ష్య కలుగుతుంది. దానికి ఏమీ తెలియదు పాపం. అంత బాగా మాత్రం నేను మళ్ళీ దేన్నీ చూళ్ళేదు.