హిమాయత్ సాగర్ కట్ట మీద దిగిన వెలుగు

ఇందులో ప్రతి మాటా నిజం. కుడిచెయ్యి వాక్యం మీద, అంటే బైబిలు మీద పెట్టి, ఎడమచేత్తో రాస్తున్నాను. అక్షరాలు వంకరపోతే మన్నించండి.

నన్నెరిగినవాళ్లు ఈ ప్రమాణం వింటే నవ్వుతారు. శంషాబాద్‌లో విమానాలు దిగడం మొదలైన ఏడాది, ఒక పైలట్ కిటికీ తెరిచి నన్ను దారి అడిగాడని చాయ్ హోటల్లో చెప్పినవాణ్ణి నేను. సగంమంది నమ్మారు. మిగతా సగం మళ్లీ చెప్పించుకున్నారు. అలాంటివేవీ నాకు బరువు కాలేదు. ఒక్కటే అయింది. ఇన్నేళ్లు దాన్ని మోసి అలిసిపోయాను.

సాతంరాయిలో మా ప్రార్థన మందిరం ఒక రేకుల షెడ్డు. ఆదివారం పాటలయ్యాక సాక్ష్యాలు చెబుతారు. ఆ వారం దేవుడు చేసిన మేలు ఎవరైనా లేచి చెప్పొచ్చు. ఒకరికి జ్వరం తగ్గి ఉంటుంది, ఒకరి తప్పిపోయిన గేదె దొరికి ఉంటుంది. అందరూ అటు తిరిగి చూస్తారు. ఊరంతా కథలు చెప్పే నేను అక్కడ మాత్రం నోరు మూసుకుని కూర్చునేవాణ్ణి. భయమా? ఏమో. చెప్పుకోవడానికి ఏమీ లేదన్న సిగ్గు అని ఇప్పుడనిపిస్తోంది.

విమానాలు మొదలైన ఆ ఏడాదే నా కళ్లకి మోతిబిందు, అదే శుక్లం, వచ్చింది. చుట్టాలింటికని చెప్పి, పట్నంలో దవాఖానకు వెళ్లి ఆపరేషన్ చేయించుకున్నాను. ఎందుకు దాచాను? కారణం లేదు, అలవాటు. తర్వాత ఓ ఆదివారం నల్లద్దాలతో మందిరానికి వెళితే, "ఏందన్నా, హీరో అయినవ్?" అని ఎవరో నవ్వారు. సాక్ష్యాల సమయం రాగానే లేచి నిలబడ్డాను.

హిమాయత్ సాగర్ కట్ట మీద మునిమాపు వేళ వస్తుంటే ఆకాశం నుంచి ఒక వెలుగు నా మీద పడిందని చెప్పాను. నిజానికి అది దిగుతున్న విమానం దీపం. ఆపరేషన్‌కి ముందు మసక కళ్లతో చూశాను కాబట్టి పళ్లెమంత కనిపించింది. మిగతాదంతా బైబిల్లోని పౌలుది. దమస్కు దారిలో వెలుగు తగిలి కిందపడతాడే, ఆ దారిని తెచ్చి మా కట్ట మీద పరిచాను. పడ్డానన్నాను. లేచేసరికి మసక పోయిందన్నాను. ఆ వెలుగు ఇంకా కళ్లలో మండుతోంది కనుకే ఈ అద్దాలన్నాను. షెడ్డు స్తోత్రాలతో మోగిపోయింది.

గేటు దగ్గర శాంతక్క నన్ను ఆపింది. మందిరం ఊడ్చి చాపలు పరిచేది ఆమే. నాకంటే పెద్దది. ఆమె కళ్లకి నీటికాసుల జబ్బు. రోజూ చుక్కలు వేసుకోకపోతే చూపు పోతుందని, పోయింది తిరిగిరాదని డాక్టరు చెప్పాడు.

"నిజం చెప్పు తమ్మీ. మందు ఏం ఏసుకోలేదా?"

"ఒక్క సుక్క ఏసుకోలే అక్కా."

"గా ఎలుగు నాక్కూడ కనవడ్తదా?"

"నా అసోంటోనికే కనవడె. నీకు కనవడదా?"

"అయితే సుక్కలు బంద్ జేస్త. ఒక చేత్ల దేవున్ని, ఒక చేత్ల సీసాను పట్టుకుంటే ఆయనకు మంచిగనిపియ్యదు."

అక్కడ ఆపాల్సింది. ఆపడానికే నోరు తెరిచాను. వచ్చిన మాట ఇది: "ఎచ్చగ ఉంటదక్కా. పొద్దుగాల ఎండ లెక్క."

నా జబ్బు వేరు, ఆమె జబ్బు వేరు అని నాకు తెలుసు. అయినా రేపు చెబుదాం, వచ్చే ఆదివారం చెబుదాం అనుకుంటూ, అందరూ నా సాక్ష్యం మళ్లీ అడిగినప్పుడల్లా దానికి ఇంకో రంగు పూస్తూ గడిపేశాను. మొదట చాపల అంచులు కనిపించడం లేదంది. తర్వాత మనుషులు. కొడుకు దవాఖానకు తీసుకుపోయేసరికి చేయడానికేమీ మిగల్లేదు.

ఆమె నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. "నాల ఏదో పాపమున్నది తమ్మీ, అందుకే ఎలుగు రాలే" అంటుంది. ఆ పాపం కోసం బతుకంతా వెతుక్కుంటోంది. అత్తకు ఎదురు చెప్పింది ఒకటి. పక్కింటి కోడిని రాయితో కొట్టింది ఒకటి. గుర్తొచ్చిన ప్రతిదీ ఒప్పుకుని ప్రార్థన చేస్తుంది.

ఆదివారం మధ్యాహ్నాలు ఆమెకు వాక్యం నేనే చదువుతాను. చదువుతూ ఆలోచిస్తాను. సూర్యుణ్ణి చేయకముందే దేవుడు వెలుగు కలగమన్నాడు. మరి అది ఏ వెలుగు? చీకటిని కూడా ఆయన పారేయలేదు, రాత్రి అని పేరు పెట్టి ఉంచుకున్నాడు. చెడు చేసేవాడు తన పనులు బయటపడతాయని వెలుగు దగ్గరికి రాడని ఇంకోచోట ఉంది. అక్కడికొస్తే నా గొంతు తగ్గుతుంది. ఆ లెక్కన శాంతక్క చీకట్లో లేదు. నల్లద్దాలు ఎప్పుడో తీసేసిన నేనున్నాను.

ఒక పుట్టుగుడ్డివాడి కథ ఉంది. ఎవరి పాపం వల్ల ఇలా పుట్టాడు, ఇతడిదా, కన్నవాళ్లదా అని శిష్యులు అడుగుతారు. ఎవరిదీ కాదంటాడు యేసు. ఆ ఒక్క మాట వింటే ఆమె వెతుకులాట ఆగొచ్చు. తెలిసీ ఏళ్లుగా ఆ పేజీలు దాటేశాను. నా పాపం కాకపోతే మరి ఎవరిదని ఆమె అడిగితే?

పోయిన ఆదివారం చదివాను. ఆపరేషన్ సంగతి, విమానం సంగతి అన్నీ చెప్పేశాను.  ఆమె తడుముతూ నా చెయ్యి పట్టుకుని, "గంత బరువు ఒక్కనివే మోసినవా తమ్మీ" అంది.

ఇక్కడితో ఆపితే ఎంత బాగుంటుంది! ఆపి చూశాను. మనసొప్పలేదు.

ఎడమచేతి సంగతి అబద్ధం, అది సరదాకి. పోయిన ఆదివారం కూడా అబద్ధమే. ఇది సరదాకి కాదు. ఆ అధ్యాయం దాకా వచ్చి, గొంతు సవరించుకుని, ఎప్పటిలాగే పేజీలు తిప్పేశాను. ఆమె నా చెయ్యి పట్టుకోలేదు. నాకు కావలసిన మాటను ఆమె నోట పెట్టి నేనే రాసుకున్నాను. మిగతాదంతా నిజం.

ఆమెకు చెప్పలేనిది మీకు చెప్పాను. కాస్త ఊపిరాడుతోంది, అంతే. ఇవాళ పొద్దున మనవడి చేత ఫోన్ చేయించింది. ఇంకో పాపం గుర్తొచ్చిందట.