వెనక బల్ల మీద వేడి

1944 మార్చిలో నన్ను మదనపల్లెకు హెల్త్ ఇన్‌స్పెక్టరుగా వేశారు. పుంగనూరు, సదుం వైపు పల్లెలన్నీ నా కింద ఉండేవి. మశూచి టీకాలు సరిగా పడుతున్నాయో లేదో చూడడం నా పనుల్లో మొదటిది. టీకా వేసే చెయ్యి నాది కాదు. అందుకు వ్యాక్సినేటరు ఉంటాడు. ఆయన వేస్తాడు, నేను తనిఖీ చేసి సంతకం పెడతాను. ఈ తేడా ఆ రోజుల్లో నాకు చాలా ముఖ్యంగా ఉండేది.

నా వ్యాక్సినేటరు పేరు ఏసుపాదం. ఊరి బయటి పల్లెలో పుట్టి, మిషన్ బడిలో చదువుకున్నాడు. నాకంటే పదేళ్ళు పెద్ద. టీకా గీసే లాన్సెట్టు తిప్పితే పసిబిడ్డ ఏడ్చేలోపల పని అయిపోయేది. అంత నెమ్మదైన చెయ్యి నేను మళ్ళీ చూడలేదు.

టీకా మందును మేము లింఫు అనేవాళ్ళం. మద్రాసు నుంచి సన్నని గాజు గొట్టాల్లో టపాలో వచ్చేది. దానికి శత్రువు వేడి. చల్లగా ఉంటే వారాల తరబడి బతికే సరుకు, గట్టి సెగ తగిలితే కొన్ని గంటల్లో చచ్చిపోతుంది. చచ్చినా రంగు మారదు, వాసన రాదు. అదీ దాంతో వచ్చిన చిక్కు. మదనపల్లెలో ఒక ఆస్పత్రివాళ్ళు తమ కిరసనాయిలు చల్లపెట్టెలో దాన్ని ఉంచనిచ్చేవారు. పల్లెలకు పోయేటప్పుడు తడి ఇసుక నింపిన రేకు పెట్టెలో గొట్టాలు పెట్టి, పైన తడిగుడ్డ చుట్టేవాళ్ళం. దారిలో ఎంత వేడి ఉందో థర్మామీటరులో చూసి డైరీలో రాయాలి. థర్మామీటరు ఇన్‌స్పెక్టరు దగ్గర, పెట్టె వ్యాక్సినేటరు దగ్గర. అదీ ఏర్పాటు.

ఏప్రిల్ మొదట్లో సదుం దగ్గర ఒక పల్లెకు బయలుదేరాం. యుద్ధం రోజులు, పెట్రోలు దొరికేది కాదు. బస్సు బొగ్గుతో నడిచేది. వెనక భాగాన నిలువెత్తు ఇనప పొయ్యి కట్టి, అందులో కట్టెబొగ్గు కాల్చి, ఆ పొగతో ఇంజను తిప్పేవాళ్ళు. మిట్ట ఎక్కాల్సి వస్తే బస్సు ఆగేది. క్లీనరు దిగి పొయ్యి కెలికేవాడు. పుంగనూరుకు మూడు గంటలు పట్టింది.

నేను డ్రైవరు పక్కన కూర్చున్నాను. ఏసుపాదం చిట్టచివరి బల్ల మీద, పొయ్యికి వీపు ఆనించి కూర్చున్నాడు. టిక్కెట్టు అందరికీ ఒకటే, కానీ ఆయన లాంటివాళ్ళు ముందు కూర్చుంటే ఊరుకునేవాళ్ళు కారు. నాకూ అందులో తప్పేమీ కనిపించలేదు.

మొదటిసారి బస్సు ఆగినప్పుడు ఏసుపాదం పెట్టె తీసుకుని నా కిటికీ దగ్గరకు వచ్చాడు.

“సార్, ఆడ పొయ్యి సెగ కొడతాండాది. గుడ్డ అప్పుడే ఎండిపోయింది. పెట్టె మీ కాడ పెట్టుకోండి సార్.”

పెట్టె నుంచి నీళ్ళు కారుతున్నాయి. నాది ఆ ఉదయమే ఇస్త్రీ చేయించిన తెల్ల ప్యాంటు. పక్కన పుంగనూరు షావుకారు ఒకాయన చూస్తున్నాడు. లింఫు వ్యాక్సినేటరు స్వాధీనంలోనే ఉండాలని రూలు ఉంది కదా అన్నాను. నిజానికి రూలు ఉంది. కానీ నాకు అడ్డం వచ్చింది రూలు కాదు, ప్యాంటు. ఏసుపాదం గుడ్డ మళ్ళీ తడుపుకుని వెనక్కి పోయాడు. నేను నా సీటు దగ్గర థర్మామీటరు చూసి, డైరీలో తొంభై నాలుగు ఫారన్‌హీటు డిగ్రీలని రాసుకున్నాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది!

పల్లెలో జనం తలుపులు వేసుకున్నారు. అమ్మవారికి కోపం వస్తుందని భయం. అప్పుడు మునెమ్మ అని, శనక్కాయ చేలల్లో కూలికి పోయే మనిషి, నా అనేవాళ్ళు ఎవరూ లేనిది, ముందుకు వచ్చి చెయ్యి చాపింది. చిన్నప్పటి టీకా మచ్చ ఆ చేతి మీద కనిపిస్తూనే ఉంది.

“నాకేసి సూపించప్పా. నేను బతికుంటే వీళ్ళూ వస్తారు,” అంది నవ్వుతూ.

అట్లాగే ఆమెను చూసి ఇరవై మందికి పైగా పెద్దవాళ్ళు వచ్చారు. పసిపిల్లలు ముగ్గురే.

ఏడో రోజు తనిఖీ. మొదటిసారి టీకా వేసిన బిడ్డకు ఆ వేళకు పొక్కు లేవాలి. పెద్దవాళ్ళలో పొక్కు లేవకపోతే, పాత టీకా బలం ఇంకా ఉన్నదని లెక్క. ఆ రోజు ఎవరికీ పొక్కు లేదు. పెద్దవాళ్ళందరి పేర్ల ఎదుట ‘రక్షణ ఉన్నది’ అని రాశాను. పిల్లలకు ఎందుకు లేవలేదంటే, తల్లులు మందు తుడిచేసి ఉంటారని నేనే జవాబు చెప్పుకున్నాను.

“తుడవలేదు సార్. ఆరేదాకా నేను ఆడే కూసోని సూసినా. ముగ్గురికీ లేయలేదంటే సరుకు సచ్చిపోయిండాది. పెద్దోళ్ళకీ మళ్ళీ ఎయ్యాల,” అన్నాడు ఏసుపాదం.

వచ్చే సరుకుతో చూద్దాంలే అన్నాను. ఆ సరుకు రావడానికి మూడు వారాలు పడుతుందని తెలిసే అన్నాను.

రెండు వారాలు తిరగకముందే ఆ పల్లెలో ఒక ఇంట్లో నలుగురికి మశూచి పోసింది. గంజి పోసే దిక్కు లేదు. చుట్టాలు కూడా గడప తొక్కలేదు. నేను పోయి రిజిస్టరు తెరిచి మునెమ్మను పిలిపించాను. నీకు రక్షణ ఉంది, నీకు రాదు, నువ్వు ధైర్యంగా పోయి చూసుకోవచ్చు అని చెప్పాను. రాదు అన్న మాట నా నోటితోనే అన్నాను. ఆమె రెండో మాట అడగలేదు. పది పన్నెండు రోజులు ఆ నలుగురికీ గంజి పోసింది, వేపాకు పరిచింది, పుండ్లు కడిగింది. తరవాత ఆమె పడింది.

ప్రాణం దక్కింది. రెండు కళ్ళూ పోయాయి.

చిత్తూరు నుంచి హెల్త్ ఆఫీసరు విచారణకు వచ్చారు. లింఫు ఎక్కడ చెడిందని అడిగారు. నేను డైరీ చూపించాను. తొంభై నాలుగు డిగ్రీలు, తడిగుడ్డ, అన్నీ సవ్యం. ఇక తప్పు టీకా వేసిన చేతిది అని తేలింది. ఏసుపాదాన్ని కుప్పానికి మార్చారు. ఇల్లూ వాకిలీ మదనపల్లెలో ఉన్న మనిషికి అది శిక్షే. బస్సులో పెట్టె వద్దన్న సంగతి నేను దాచాను. పోయే రోజు రిజిస్టర్లు అప్పగించడానికి వచ్చి, ఆయన ఒకే మాట అన్నాడు.

“మీరు ఒక తూరి వెనక బల్ల మింద కూసోని రాండి సార్.”

ఆ మాట నన్ను నిద్రపోనివ్వలేదు. మరుసటి వారం థర్మామీటరు తీసుకుని అదే బస్సు ఎక్కి వెనక్కి పోయాను. కండక్టరు కంగారు పడ్డాడు. “ఈడ యాల సార్, ముందర సీటుండాది కదా” అని రెండుసార్లు బతిమాలాడు. నేను కదలలేదు. రేకు పెట్టెలో తడి ఇసుక నింపి, గుడ్డ చుట్టి, గొట్టాలు ఉండే చోట థర్మామీటరు దూర్చి ఒళ్ళో పెట్టుకున్నాను. మొదటి అరగంటలో గుడ్డ ఎండిపోయింది. గంటకు నూట నాలుగు. పుంగనూరులో దిగేసరికి నూట పద్దెనిమిది. నా వీపు కమిలిపోయింది. ముందు సీటు దగ్గరకు పోయి చూస్తే తొంభై అయిదు.

అంకెలన్నీ రాసి, పెట్టె తీసుకోనన్నది నేనేనని కూడా రాసి, హెల్త్ ఆఫీసరుకు పంపాను. విచారణ ముగిసిందని ఒక్క వాక్యం జవాబు వచ్చింది. ఏసుపాదం రిటైరయ్యేదాకా కుప్పంలోనే ఉన్నాడు.

తరవాత మునెమ్మ దగ్గరకు పోయాను. గుడిసె ముందు కూర్చుని తడుముకుంటూ శనక్కాయలు ఒలుస్తోంది. గొంతు గుర్తుపట్టింది.

“ఆ పొద్దు నాకేసిన మందు సచ్చిందంట కదప్పా?”

అవునమ్మా అన్నాను.

“నీకు ముందే తెల్సా?”

ఏసుపాదం చెప్పాడు, నేను వినలేదు అన్నాను. ఆమె చేతిలో కాయ ఒలిచి గింజలు పక్కన వేసింది.

“ఆయప్ప యాడుండాడు ఇప్పుడు?”

కుప్పంలో అని చెప్పాను.

“నేను అడిగినానని ఆయప్పకు సెప్పు.”

కుప్పం పోయి ఆ కబురు అప్పగించి వచ్చాను.

ఆ తరవాత ఉద్యోగం ముగిసేదాకా లింఫు పెట్టెను నా ఒళ్ళోనే పెట్టుకున్నాను. కొత్తగా చేరిన ఇన్‌స్పెక్టర్లకు ఒకటే చెప్పేవాణ్ణి. వేడి చూడవలసింది సరుకు ఉన్న చోట. నేను చూసింది నేను కూర్చున్న చోట.