లోపల చూపించు

ఈ లోకంలో బట్టలు తొడుక్కునే ప్రతి మనిషీ మా అమ్మమ్మకు దండం పెట్టాలి. ఆదిమానవుడు అన్నాళ్లు ఆకులు చుట్టుకుని తిరిగింది కూడా, బట్ట కుట్టించుకుంటే ఈవిడ ఎక్కడ తిరగేసి చూస్తుందోనన్న భయంతోనే అని నా గట్టి నమ్మకం. నా చదువు తొమ్మిదో తరగతితోనే ఆగిపోయింది కాబట్టి చరిత్ర ఇంతకన్నా వివరంగా చెప్పలేను.

అమ్మమ్మకున్న జబ్బు ఒక్కటే. ఎవరి ఒంటిమీద బట్ట కనిపించినా దాన్ని లోపలివైపు తిప్పి చూడాలి. పైన పట్టున్నా, ముఖమల్ ఉన్నా ఆవిడకు అక్కర్లేదు. అంచు పట్టుకుని పైకెత్తి, "ఏదీ, లోపల చూపించు" అంటుంది. చుట్టాలా, కొత్తవాళ్లా అని చూడదు. లిఫ్టులో పక్కన నిలబడ్డ పెద్దమనిషి కాలరు తిప్పి, ఆయన దిగాల్సిన అంతస్తు వచ్చేలోగా కుట్టు ఎక్కడ వంకర పోయిందో చెప్పేసింది. ఆయన తన అంతస్తులో దిగకుండా మళ్లీ కిందికే వెళ్లిపోయాడు, పాపం.

ఇంకొకరైతే ఎవరో ఒకరు చెయ్యి చేసుకునేవారు. అమ్మమ్మను ఎవరూ ఏమీ అనరు. ఎందుకంటే ఆవిడ చాలా పెద్ద డిజైనరు. కుట్లన్నీ బయటికి, నున్నటి గుడ్డంతా లోపలికి పెట్టి ఆవిడ కుట్టిన కోటు ఒకప్పుడు ఫ్యాషన్ లోకాన్ని తలకిందులు చేసింది. దాని గురించి కాలేజీల్లో ఇప్పటికీ పాఠాలు చెబుతారు. ఒకసారి ఒక ప్రొఫెసరు మా ఇంటికొచ్చి, కళ్లు అరమోడ్చి అడిగాడు.

"సమాజం దాచుకునే నిజాన్ని మీరు ఆ కోటుతో బయటపెట్టారు కదండీ?"

"కుట్టు ఒంటికి గుచ్చుకుంటోంది. గుచ్చుకునేదాన్ని బయటికి పెట్టాను."

"అంటే, అది ఒక ధిక్కారం!"

"కాదు బాబూ, దురద."

ఆయన రాసిన లావుపాటి పుస్తకంలో దురద అన్న మాట ఎక్కడా లేదు. నేను వెతికించాను.

గుండెల్లో నొప్పి వచ్చి ఆస్పత్రిలో చేర్చిన రోజున కూడా అంతే. మేమంతా తలుపు దగ్గర బిక్కచచ్చి నిలబడ్డాం. డాక్టరుగారు వంగి గుండె వింటున్నాడు. ఆయన తెల్లకోటు అంచు అమ్మమ్మ చేతికందింది.

"ఊపిరి గట్టిగా పీల్చండి."

"పీలుస్తాను గానీ, ఇది కుట్టినవాడు ఇంకా బతికే ఉన్నాడా?"

డాక్టరు మా అమ్మవైపు తిరిగి, "ఇంటికి తీసుకెళ్లిపోండి, ఆవిడకేం కాదు" అన్నాడు.

అన్నిటికన్నా ఘోరం మా అక్క పెళ్లి విందులో జరిగింది. అమ్మమ్మ నేరుగా వెళ్లి వియ్యంకుడిగారి కోటు తిరగేసింది. "లోపల ఇంత అన్యాయమా? విప్పండి" అంది. ఆయన తర్వాత ఆయన తమ్ముడు, ఆ తర్వాత పెళ్లికొడుకు, వాడి స్నేహితులు, వరసగా మా బాబాయి. కోట్లన్నీ గంపగుత్తగా ఎత్తుకుపోయి తన కుట్టుగదిలో పడేసుకుంది. మగపెళ్లివారంతా చలికి చేతులు కట్టుకుని ఫొటోలు దిగారు. ఆ ఆల్బం చూసినవాళ్లు వాళ్లంతా అలిగారనుకుంటారు.

"అమ్మా, మా పరువు తీసేశావు!" అని అమ్మ నెత్తి కొట్టుకుంది.

"నేను తీసింది కోట్లేనే" అంది అమ్మమ్మ.

ఇలాంటి మనిషికి ఒక మ్యూజియం వాళ్లు సత్కారం తలపెట్టారు. ఆవిడ కుట్టిన బట్టలన్నీ పోగుచేసి ప్రదర్శన పెడతారట. అంతా సవ్యంగా జరిగితే రెండు గదులు శాశ్వతంగా వాటికే ఇచ్చేస్తారట. ఆ మాట ఛైర్మన్‌గారు మొదటిరోజు సభలోనే ప్రకటించాలి. ఆ గదులు దక్కకపోతే అమ్మమ్మ జన్మంతా కుట్టినవి మళ్లీ మా ఇంటి పెట్టెల్లోకి, చిమ్మెటల నోట్లోకి పోతాయి. వచ్చిన చిక్కల్లా ఛైర్మన్‌గారితోనే. బట్ట నలిగితే ప్రాణం పోయినట్టుండే మనిషి ఆయన. కరచాలనం కూడా దూరం నుంచే చేస్తాడు. మ్యూజియంలో పనిచేసేవాళ్లు నల్లకోటు గుండీలు పెట్టుకునే ఉండాలనీ, సభలో ఎవరూ దాన్ని విప్పకూడదనీ ఆయన హుకుం.

"చూడవే," అంది అమ్మ నాతో, "ఆవిడ చేతులు రెండూ నీ చేతుల్లో ఉండాలి. ఆ పెద్దమనిషి కోటు ముట్టుకుందో, గదులు గోవిందా!"

సరేనని అమ్మమ్మ రెండు చేతులూ పట్టుకుని, దొంగను తీసుకెళ్లినట్టు లోపలికి తీసుకెళ్లాను. గుమ్మం దగ్గర ప్రదర్శన బాధ్యతంతా మోస్తున్న ఇన్‌ఛార్జి అమ్మాయి నిలబడి ఉంది. ఆ పిల్లకు ఇదే మొదటి ప్రదర్శన. కాసేపట్లో వేదికెక్కి, జనానికి వీపు తిప్పి పెద్ద తెర లాగి, తర్వాత మాట్లాడాలి. మాకు నమస్కారం పెట్టింది గానీ గోడ వదిలి ఒక్క అడుగు ముందుకు రాలేదు. పక్కకు జరిగినా గోడకు వీపు ఆనించుకునే జరుగుతోంది. కొత్త కదా, బెదిరిపోయింది అనుకున్నాను.

"అమ్మమ్మా, ఆ పిల్ల బల్లిలా అతుక్కుపోయింది చూడు."

అమ్మమ్మ చూసింది. "దాహంగా ఉందే, మంచినీళ్లు" అంది.

నీళ్ల గ్లాసు అందుకోవడానికి ఒక చెయ్యి వదిలాను. అంతే. కళ్లు మూసి తెరిచేలోగా ఆ చెయ్యి ఛైర్మన్‌గారి కోటు అంచు మీద ఉంది.

"ఇంత పెద్దవారు, లోపల ఇంత అన్యాయమా? విప్పండి."

అమ్మ కుర్చీలో కళ్లు మూసుకుంది.

"ఇక్కడా?" అన్నాడు ఛైర్మన్ గుండీలు రెండు చేతులా పట్టుకుని.

"మీ ఇంట్లో విప్పితే నాకెలా కనిపిస్తుంది?"

ఆవిడ సత్కారానికే వచ్చి ఆవిడను కాదనలేక ఆయన విప్పాడు. ఛైర్మనే విప్పాక హుకుం ఎక్కడిది? అమ్మమ్మ వరస మొదలుపెట్టింది. విలేకరులు, ఆఫీసువాళ్లు, ముందువరస అతిథులు, ఎవరినీ వదల్లేదు. చివరికి గోడ దగ్గరికి వెళ్లింది.

"నువ్వూ విప్పవే. నీకేమైనా ప్రత్యేకమా?"

ఆ పిల్ల ముఖం పాలిపోయింది. గోడకు ఆనుకునే కోటు విప్పి ఇచ్చింది. అమ్మమ్మ ఆ కోట్ల గుట్టంతా మూల బల్లమీద పోయించుకుని, సంచీలోంచి సూది తీసి, జనానికి వీపు తిప్పి కూర్చుంది.

సభ మొదలైంది. కోటున్నవాడు ఒక్కడూ లేడు. ఇన్‌ఛార్జి అమ్మాయి తెల్లచొక్కాతో వేదికెక్కి, నిబ్బరంగా వీపు తిప్పి తెర లాగి, గడగడా మాట్లాడేసింది. ఇంతలో ఛైర్మన్‌గారి పేరు పిలిచారు. ఆయన కంగారుగా వచ్చి, గుట్టలోంచి తన కోటు లాక్కుని తొడుక్కుని, వేదికెక్కాడు. తిరగేసి తొడుక్కున్నాడు!

ముందువరసవాళ్లు మెడలు చాచి, బయటికొచ్చిన ఆ కుట్లకేసి చూశారు. తర్వాత చప్పట్లు మోగాయి. అమ్మమ్మ ప్రసిద్ధ కోటుకు ఛైర్మన్‌గారి వినూత్న నివాళి అనుకున్నారు జనం. ఆయన కిందికి చూసుకున్నాడు, జనాన్ని చూశాడు, చిరునవ్వు నవ్వాడు. ఆ చప్పట్ల ఊపులో రెండు గదులూ ప్రకటించేశాడు. మర్నాడు పేపర్లలో ఆయన ఫొటోయే పెద్దది.

సభ అయ్యాక కోట్లు పంచే పని నా నెత్తిన పడింది. ఒక్కొక్కటీ తిరగేశాను, ఎంతైనా ఆవిడ మనవరాలిని కదా. దేనికీ కొత్త కుట్టు పడలేదు. ఇన్‌ఛార్జి అమ్మాయి కోటుకు మాత్రం వీపు మధ్యన, మెడ నుంచి నడుం దాకా, చీమలబారులా సన్నటి కొత్త కుట్టు. సూది ఇంకా దారానికే వేలాడుతోంది.

"అమ్మమ్మా, ఛైర్మన్‌గారి కోటుకు ఏమైంది?"

"ఏం కాలేదే. బ్రహ్మాండమైన పని."

"మరి వియ్యంకుడిగారి కోటు?"

"అదీ బ్రహ్మాండమే."

అప్పుడు గుర్తొచ్చింది. ఆ పెళ్లినాటికి మా బాబాయికి ఉద్యోగం పోయింది. విందులో కోటు విప్పేదాకా మోచేతులు ముడుచుకుని కూర్చున్నాడు. మర్నాడు కోట్లు తిరిగొచ్చాక, చేతులు బార్లా చాపి మరీ కబుర్లు చెప్పాడు.

ఇదంతా రాసి అమ్మమ్మకు ఇచ్చాను. కళ్లజోడు పెట్టుకుని, ముందుగా కాగితం తిరగేసి వెనకవైపు చూసింది. తర్వాతే చదివింది.

"ఆ పిల్ల చిరుగు సంగతి కొట్టెయ్. మిగతా కోతలు ఎన్ని కోసినా ఫరవాలేదు."

"తనే రాయమంది అమ్మమ్మా. ఆ కోటు చూపించి ఊరంతా చెప్పుకుంటోంది."

"అయితే సరే. ఏదీ, నీ చొక్కా విప్పు. చంక దగ్గర పిగిలింది, పొద్దుట్నుంచీ చూస్తున్నాను."

గదిలో మా ఇద్దరితోపాటు అమ్మా, నాన్నా, పక్కింటావిడా ఉన్నారు. నాకు రోషం వచ్చింది.

"నా దాకా వచ్చేముందు వీళ్లందరివీ తిరగెయ్యవేం?"

అమ్మమ్మ సూదిలో దారం ఎక్కిస్తూ తలెత్తకుండానే అంది:

"అదంతా సిగ్గుపడేవాళ్లకే. నీకెందుకు?"