చెవులపిల్లి, రాతిపువ్వు

నేను పుట్టి బుద్ధెరిగాక పాసైన పరీక్ష ఒక్కటే, ఈ దేశమొచ్చాక రాసిన తుపాకీ లైసెన్సుది. పదో తరగతి రెండుసార్లు తప్పి, మూడోసారి రాయకుండా పేపర్లు దిద్దేవాళ్ళను బతికించాను.

ఆ లైసెన్సు చూసే మా అక్క పిలిచింది. ఇక్కడే డునెడిన్ అనే ఊళ్ళో నర్సుగా చేస్తూ, ఊరి బయట కొండవాలున కొంత నేల కొని ఇరవై ఆప్రికాట్ మొక్కలు పెట్టింది. కుందేలు జాతి చెవులపిల్లి ఒకటి రోజూ వచ్చి మొక్కల బెరడును చుట్టూ వలిచేస్తోంది. అలా వలిచిన మొక్క బతకదు. ఆరు మిగిలాయి.

"ఇవి గూడ పోతే నేల అమ్ముకుంట తమ్మీ," అంది.

పొద్దున్నే బండరాయి చాటున కూర్చున్నాం. అది వచ్చింది, మన కుందేలుకు రెండింతలుంది. తలకు గురిపెట్టి కాలిస్తే గుండు నడుముకు తగిలింది. వెనక కాళ్ళు చచ్చుబడి, ముందు కాళ్ళతో నేలను గీరుతూ అరిచింది. అచ్చం చంటిపిల్ల అరుపు. రెండో గుండు తుపాకీలో ఇరుక్కుంది. పరుగెత్తి తుపాకీ మడమతో కొట్టాను. దవడ విరిగింది కానీ అరుపు ఆగలేదు. చివరికి కాళ్ళు పట్టుకుని ఎత్తి బండకేసి బాదాను. రెండో దెబ్బకు ఆగింది. అక్క ఇంకా చెవులు మూసుకునే ఉంది.

రాయి మీది నెత్తురు తుడుస్తుంటే, దాని కింద బూడిదరంగు రేకులు కనిపించాయి. రాతిపువ్వు! మా ఇంట్లో అది పడకుండా మటన్ మసాలా నూరరు. చంపడం ఎలాగూ చంపాను, కూరన్నా బాగా వండుదామని చాకు తీసి గీకాను. ఇది కదల్లేదు, అరవలేదు. రెండు నిమిషాల్లో రాయి గుండు కొట్టించుకున్నట్టయింది.

"ఆపురా! అది మనూరి పువ్వేనని నీకెవలు చెప్పిన్రు?"

"దాని మొఖం జూస్తే తెలుస్తలేదా అక్కా?"

"నేను నేల కొన్నప్పటి ఫోటోల ఎంతున్నదో, ఏడేండ్లకు గూడ అంతే ఉండె. చెవులపిల్లులు ఎండకాలానికి మల్ల పుడతయ్. ఇది నేను సచ్చేలోపల మల్ల మొలుస్తదా?"

"పోనియ్యే. దాని లెక్క ఇది లొల్లి చేసిందా ఏమన్న?"

అక్క నా చేతిలోంచి చాకు లాక్కుంది.

"ఆ చెవులపిల్లి ఆకలికి కొరికిందిరా. నువ్వు మసాలాకు కొరికినవ్. ఆ తుపాకి గూడ ఇటియ్యి."