చీర కింద నల్లప్యాంటు

పద్మావతమ్మ గారికి రెండు కాళ్ళున్న సంగతి పెళ్ళయిన ముప్పై ఆరేళ్ళలో వీధిలో ఎవరూ గమనించలేదు. గమనించే అవకాశం ఆవిడ ఇవ్వలేదు. కుచ్చిళ్ళు నేలకు అరంగుళం పైన మొదలై నడుము దాకా గోడ కట్టినట్టు ఉండేవి. కంకిపాడులో కాపురం పెట్టినప్పుడూ అంతే, విజయవాడ వచ్చి పటమటలో అపార్ట్‌మెంటు రెండో అంతస్తులో చేరాకా అంతే. బయటికి చీర, ఇంట్లో నైటీ, గ్యాసు అబ్బాయి బెల్లు కొడితే నైటీ మీద తువ్వాలు. భుజాల మీద ఒక తువ్వాలు పడిందంటే చాలు, నైటీ కాస్తా పట్టుచీర అంత మర్యాద సంపాదించేస్తుందని మన జిల్లా ఆడవాళ్ళందరికీ ఉన్న నమ్మకమే ఆవిడకీ ఉంది. ఈ సౌకర్యం ఎవరు కనిపెట్టారో గానీ వాళ్ళకు నేను రోజూ దండం పెడతాను.

అంతా సవ్యంగా ఉండగా మోకాళ్ళు మొరాయించాయి. కింద కూర్చుంటే లేవడానికి మంచం కోడు, కుర్చీ చెయ్యి, ఒక్కోసారి మొగుడి భుజం కావలసి వచ్చేది. డాక్టరు గారు మాత్రలు రాసి, "ఏదైనా నెమ్మదైన వ్యాయామం చెయ్యండమ్మా" అన్నాడు. పక్క ఫ్లాటులో ఉండే రాగిణి, బ్యాంకు ఉద్యోగి, ఆ మాట పట్టుకుంది.

"పార్కులో తాయ్ చీ నేర్పుతున్నారాంటీ. మా ఆఫీసు వాళ్ళు కూడా వస్తున్నారు. రండి."

"అదేం తిండే?"

"తిండి కాదాంటీ, చైనా వాళ్ళ విద్య. కుంగ్‌ఫూకి అక్కగారనుకోండి. కొట్టుకోవడాలుండవు, అంతా నిదానం."

నేర్పేది హెలెన్ అనే ముప్పై ఏళ్ళ అమ్మాయి, బడిలో ఆటల టీచరు. అందరూ ఆమెను మాస్టర్ అంటారు. అంత చిన్నపిల్లను మాస్టర్ అనడానికి నోరు రాక, పేరు పెట్టి పిలవడానికి మనసు రాక, పద్మావతమ్మ గారు "మాస్టారమ్మా" అని మధ్యలో ఒక పదం సృష్టించుకున్నారు.

మొదటిరోజు చీర కొంగు బిగించి దోపుకుని వెళ్ళారు. పాదాలు ఎడంగా పెట్టి, మోకాళ్ళు వంచి, వీపు నిటారుగా నిలబడమంది హెలెన్. ఇంగ్లీషులో దానికేదో గుర్రం పేరుంది. పద్మావతమ్మ గారికి మాత్రం చూడగానే తెలిసిపోయింది, చిన్నప్పుడు లెక్కల మాస్టారు వేయించిన గోడకుర్చీ ఇది, గోడ ఒక్కటే లేదు. రెండు నిమిషాలు నిలబడ్డారు. హెలెన్ చుట్టూ ఓసారి తిరిగి తల గోక్కుంది.

"ఆంటీ, చీరలో మీ మోకాలెక్కడుందో నాకు కనపడట్లేదు. అది బొటనవేలు వైపు వంగిందా, లోపలికి పోయిందా ఎలా చెప్పను? తప్పుగా వంగితే ఉన్న నొప్పి డబులవుతుంది."

ఆ క్లాసు బట్టలకు లెక్కలున్నాయి. నల్లటి వదులు ప్యాంటు: కాలు ఎంత ఎత్తినా పట్టెయ్యకూడదు, మోకాలి వంపు మాస్టరుకు కనపడాలి. తెల్ల టీషర్టు: భుజం ఎక్కడ బిగుసుకుందో తెలియాలి. నడుముకు గుడ్డ నడికట్టు: కదలిక అక్కడినించే మొదలవ్వాలని గుర్తు. కాళ్ళకు పల్చటి బట్ట బూట్లు: నేల తెలియాలి. వేలాడేవీ, జారేవీ పనికిరావు. పద్మావతమ్మ గారు అన్నీ శ్రద్ధగా విని, ఇంటికి వచ్చి, రెండు రోజులు పార్కు వైపు వెళ్ళలేదు.

కానీ ఆ రెండు రోజులూ మనసు అక్కడే ఉంది. మోకాళ్ళ కోసం మాత్రమే కాదు. పార్కులో ఉన్న ఆ గంటంబావులో ఎవరూ ఆవిడను "కూరేంటి?" అని అడగలేదు. కుక్కరు కూతలు లెక్కపెట్టనక్కర్లేదు. ఊరికే నిలబడి, తన కాళ్ళు తనవేనని తెలుసుకోవడం ఎంత బాగుందో ఆవిడకు కొత్తగా తెలిసింది. ఆ గంట కావాలని ఆవిడకు చిన్నపిల్ల పేచీ అంత గట్టిగా అనిపించింది. పెద్దయ్యాక ఆవిడ దేనికీ అలా పేచీ పెట్టుకున్నది లేదు.

అడ్డమల్లా ఆవిడ భర్త బసవపున్నయ్య గారు. కంకిపాడులో ఆయనకు మోటార్లు, ప్లాస్టిక్ పైపుల కొట్టు ఉంది. రోజూ పొద్దున్న తొమ్మిదింటికి తెల్లచొక్కా, తెల్లప్యాంటు వేసుకుని బయల్దేరతారు. ఆ చొక్కా లేకుండా గుమ్మం దాటి ఎరుగరు. మోటార్ల పక్కన మాట్లాడి మాట్లాడి గొంతు పెద్దదైపోయింది. మంచినీళ్ళడిగినా పక్కింటివాళ్ళు ఉలిక్కిపడతారు. ప్యాంటు సంగతి ఆయనకు తెలిసిందా, క్లాసు ఆ పూటతో సరి అని పద్మావతమ్మ గారు తేల్చేసుకున్నారు. ఎలా తెలుసంటే, ఆరేళ్ళ కిందట ఒక పెళ్ళిలో జీన్సు వేసుకున్న చుట్టాలావిణ్ణి చూసి ఆయన "వయసుకు తగ్గ బట్టలుండాల" అన్నారు. ఒకే ఒక్క ముక్క. దాని మీద ఆరేళ్ళుగా ఇంట్లో చట్టం నడుస్తోంది.

మూడోరోజు ఆవిడకు ఉపాయం తట్టింది. లంగా మానేసి, రాగిణి చేత తెప్పించిన నల్లప్యాంటు వేసుకుని, దాని బొందులోనే కుచ్చిళ్ళు దోపి చీర కట్టేశారు! జాకెట్టు బదులు టీషర్టు, పైన కొంగు భుజాల నిండా. అద్దంలో చూసుకుంటే కొద్దిగా లావుగా ఉన్నారంతే. ప్యాంటుకు అంతకుముందు సాగే ఎలాస్టిక్ ఉండేది. అది నమ్మదగ్గ వస్తువు కాదని ఆవిడ దాన్ని పీకి పారేసి, మంగళసూత్రాలకు వేలాడే పిన్నీసుల్లో ఒకటి తీసి, గట్టి నూలు బొందు ఎక్కించారు. నెల తిరక్కుండా క్లాసులో పన్నెండు ప్యాంట్లకూ ఆవిడ చేతి బొందులే. హెలెన్ ప్యాంటుకు కూడా.

పార్కులో షెడ్డు వెనక రోజూ చిన్న తతంగం నడిచేది. కొంగు చివర రాగిణి పట్టుకుంటే, పద్మావతమ్మ గారు బొంగరంలా గిర్రున తిరిగి అయిదున్నర మీటర్లలోంచి బయటపడేవారు. చీర మడతపెట్టి సంచిలో పెట్టి బెంచీ మీద ఉంచేవారు. క్లాసయ్యాక మళ్ళీ చుట్టుకోవడం. మొదట్లో టీషర్టు మీద తువ్వాలు కూడా కప్పుకుని వరసలో నిలబడితే హెలెన్ దణ్ణం పెట్టింది.

"ఆంటీ, తువ్వాలొద్దు. చెయ్యి తిప్పినప్పుడల్లా రాగిణి మొహాన కొడుతోంది."

"మరి బోసిగా ఉండదూ?"

"నడుముకి కట్టేసుకోండి. నడికట్టూ అయిపోతుంది."

అలా మిగతావాళ్ళకు ఎర్ర నడికట్లుంటే, ఆవిడకు మాత్రం నీలం గళ్ళ తువ్వాలు. మోకాళ్ళు నెలకింత దారిలోకి వచ్చాయి.

ఇంట్లో మాత్రం అబద్ధాలు పెరిగాయి. మే నెలలో ఒకరోజు బసవపున్నయ్య గారు పేపరు దించి చూశారు.

"ఆ కొంగేంది, మెడదాకా చుట్టావు?"

"చలిగా ఉందండీ."

విజయవాడలో, మే నెలలో, చలి. ఆయన పేపరు మడిచి, "డాక్టరుకి చూపిచ్చుకో" అన్నారు. ఆవిడ మెట్లు దిగి వీధిలో పడ్డాక గానీ ఊపిరి పీల్చుకోలేదు.

జూలైలో ఒక ముసురు పొద్దున అసలు కథ జరిగింది. బయల్దేరే ముందు ఆయనకు కాఫీ అందిస్తుంటే గ్లాసు తొణికి, ఆవిడ కట్టుకున్న ఆవపువ్వు రంగు మంగళగిరి చీర కొంగు మీద అరచేతి వెడల్పున మరక పడింది. "మార్చుకు పో" అన్నారాయన. మార్చుకోవాలంటే విప్పాలి, విప్పితే ప్యాంటు. "వచ్చాక చూస్తాలెండి" అని ఆవిడ పరుగులాంటి నడకతో బయటపడ్డారు. షెడ్డు కారుతోంది, బెంచీ తడిసింది. చీర సంచిని పార్కు గేటుకు తగిలించి వరసలో చేరారు.

ఆ గేటు పక్కనే ఇస్త్రీ వెంకటప్పయ్య బండి. పన్నెండేళ్ళుగా ఆ గేటుకు ఎవరు ఏ సంచి తగిలించినా అది ఇస్త్రీకే. వాకింగుకు వచ్చేవాళ్ళందరూ అలాగే తగిలించి పోతారు, పద్మావతమ్మ గారితో సహా. ముసురులో వేరే బేరాలు లేక, బొగ్గులు ఆరిపోకముందే కానిద్దామని, అతను సంచి ఎవరిదో పోల్చుకుని, ఆ చీరను నిమిషాల్లో చక్కగా ఇస్త్రీ చేసి, ఆవిడ ఆలస్యమైతే కేకలేస్తారు గనక స్వయంగా పట్టుకెళ్ళి రెండో అంతస్తులో బెల్లు కొట్టాడు. ఆ గుమ్మం దగ్గర జరిగింది అతను తరవాత బండి దగ్గర ఆగినవాళ్ళందరికీ చెప్పాడు గనక నేనూ చెప్పగలుగుతున్నాను.

"అమ్మగారి చీరండి. మరక పోలేదండి. ఉతక్కుండా ఏశారు."

లుంగీ, బనీనులో ఉన్న బసవపున్నయ్య గారు చీర అందుకున్నారు. ఇంకా వెచ్చగా ఉంది. అరచేతి వెడల్పు కాఫీ మరక కూడా ఉంది.

"ఇది నీకెవరిచ్చారు?"

"పార్కు గేటుకి తగిలించుందండి."

"మనిషేదిరా?"

"మనిషిని నేను చూళ్ళేదండి. చీరొక్కటే ఉంది."

అరగంట కిందట భార్య ఒంటి మీద ఉన్న చీర, భార్య లేకుండా, మడత నలక్కుండా ఇంటికి వస్తే ఏ మగవాడైనా ఏమనుకోవాలి? పార్కుకు అవతలే బందరు కాలువ. ఆయన చొక్కా కోసం వెనక్కి తిరగలేదు. లుంగీ ఎగ్గట్టి, మెట్లన్నీ దూకి వీధిలో పడ్డారు.

పద్మావతమ్మ గారు అప్పుడు గోడలేని గోడకుర్చీలో ఉన్నారు, చేతులు ముందుకు చాపి. గేటు వైపు చూపు పోయేసరికి, ఒక కాలికే చెప్పున్న మనిషి, రెండు చేతుల మీదా చీర పళ్ళెంలా పట్టుకుని పరిగెత్తుకొస్తున్నాడు. ముందు ఎవరో అనుకున్నారు. బనీనులో మొగుణ్ణి ఆవిడ వీధిలో ఎన్నడూ చూసి ఉండలేదు. ఆయనా ఆవిణ్ణి పోల్చుకోలేదు. తెల్ల టీషర్టుల మధ్య చీర కోసం వెతుకుతూ "పద్మా!" అని అరిచారు.

అయిపోయింది, ఇక రేపు క్లాసు లేదు అనుకున్నారావిడ. షెడ్డు వెనక్కి పారిపోదామంటే తొడలు బిగుసుకుపోయి ఉన్నాయి. కదల్లేక అలాగే వంగి నిలబడి, "ఇక్కడున్నానండీ" అన్నారు.

ఆయన ఆవిణ్ణి పైనుంచి కిందికి చూశారు. కాళ్ళ దగ్గర చూపు కాసేపు ఆగింది. తరవాత తడిబెంచీ మీద కూలబడ్డారు.

"చీరొచ్చింది ఇంటికి. మనిషి లేదు. కాలవ..." అని ఆపేసి, ఒక్కసారిగా లేచి చీర ముందుకు చాపారు. "కట్టుకో. పోదాం పద."

చేతికి చీర తీసుకుంటే అయిదు నెలల గంటలన్నీ అందులో మడిచి ఇంటికి పట్టుకెళ్ళినట్టే. పద్మావతమ్మ గారు చీర అందుకోలేదు.

"ఇంకా పావుగంట ఉందండీ. మీరు కూర్చోండి."

భోజనం పీట ముందు తప్ప ఆయనను కూర్చోమని ఆవిడ చెప్పడం అదే మొదలు. ఆయన కూర్చున్నారు. ఒళ్ళో చీర పెట్టుకుని పావుగంటా కళ్ళార్పకుండా చూశారు. మంచం కోడు పట్టుకుని లేచే మనిషి, దేన్నీ పట్టుకోకుండా కిందికి దిగి, ఒంటికాలి మీద ఆగి, మెల్లగా పైకి లేచింది. ఆయన ఆ మోకాలి వైపే చూస్తూ ఉండిపోయారు.

క్లాసయ్యాక రాగిణి అలవాటుగా షెడ్డు వెనక్కి నడిచింది. పద్మావతమ్మ గారు వెళ్ళలేదు.

"ఇస్త్రీ నలిగిపోతుంది. ఇలాగే వస్తాను పదండి."

కాఫీ మరక చీరకు ఇస్త్రీ ఏమిటని ఆయన అడగలేదు. ఇద్దరూ వీధిలోకి వచ్చారు. పాలప్యాకెట్ల దుకాణం దగ్గర నలుగురు తిరిగి చూశారు, ఆవిణ్ణి కాదు, బనీనులో ఉన్న ఆయన్ని. ఆయన చీరను గుండెకు అడ్డం పెట్టుకున్నారు.

"నేనెప్పుడన్నా వద్దన్నానా?" అన్నారు, ఆయనకున్నంతలో చిన్నగొంతుతో.

"లేదండి."

"మరి ఈ దొంగతనమెందుకు?"

"అడిగితే వద్దంటారేమోనని."

"అడిగితే కదా వద్దనేది."

"అందుకేనండి అడగలేదు."

ఆటో ఒకటి బురద చిమ్ముకుంటూ పోయింది. పోయినా ఆయన తిట్టలేదు.

"ఇట్లా అడక్కుండా మింగినవి ఇంకా ఉన్నాయా?"

ఎగతాళేమోనని ఆవిడ మొహంలోకి చూశారు. కాదు. ఆ కళ్ళలో ఇందాకటి భయం ఇంకా పోలేదు, ఇప్పుడది వేరే భయం. ఆవిడకు ఎందుకో ఏడుపొచ్చింది, నవ్వూ వచ్చింది.

"ఉన్నాయండి."

"చెప్పు."

ఆవిడ మొదటినుంచీ మొదలుపెట్టారు. పెళ్ళయిన ఏడాది కంకిపాడులో టైపు నేర్చుకోవాలనుకోవడం. రెండో ఏట సైకిలు. మూడో ఏట, పెసరట్టు కాదు, పూరీ తినాలనుకుని రోజూ పెసరట్టే వేయడం. "నాకు పెసరట్టంటే ఇష్టమని నీకెవరు చెప్పారు?" అన్నారాయన నివ్వెరపోయి. అపార్ట్‌మెంటు గేటు వచ్చేసరికి లెక్క ఇంకా నాలుగో ఏటి దగ్గరే ఉంది. వాచ్‌మన్ లేచి నిలబడి, ఆయన బనీనును, ఆవిడ ప్యాంటును మార్చి మార్చి చూశాడు. పద్మావతమ్మ గారు గేటులోకి తిరిగారు. బసవపున్నయ్య గారు తిరగలేదు.

"ఇంకా ముప్పై రెండేళ్ళున్నాయిగా," అని ఆయన బనీనుతోనే ముందున్న వీధిలోకి నడిచారు.